రిసార్టులో ఇద్దరూ ఏమీ చేయకుండా హాయిగా గడపడం ఎలా?

సముద్రతీర రిసార్టుకు వెళ్లివచ్చిన జంటలు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: ‘విశ్రాంతి కోసమే వెళ్లాం, అలసిపోయి తిరిగొచ్చాం. ఎక్కడ తేడా వచ్చింది?’ వెళ్లబోయేవాళ్ల ప్రశ్న కూడా ఇంచుమించు ఇదే: ‘ఐదు రోజులు ఒడ్డున పడుకుని గడపాలంటే ఏమేం చూసుకోవాలి?’ రెండింటికీ జవాబు ఒక్కటే. తీరిక దానంతటది రాదు. ఏ నెల, ఏ తీరం, ఏ గది, ఎలా చేరాలి, ఏం తినాలి అనేవి బయలుదేరకముందే తేల్చుకుంటే, అక్కడికి వెళ్లాక తేల్చుకోవలసింది దాదాపు ఏమీ మిగలదు. ఆ మిగలకపోవడమే మీరు కోరుకుంటున్న సెలవు.

ఉష్ణమండల తీరాలకు వెళ్లే ఏ జంటకైనా ఈ పద్ధతి సరిపోతుంది. సాహసయాత్రలు, రోజుకో ఊరు చూసే పర్యటనలు కోరేవాళ్లకు మాత్రం పనికిరాదు.

కావలసినవి

- ఒకే చోట కనీసం ఐదు రాత్రులు. మొదటి రోజు, చివరి రోజు ప్రయాణానికే పోతాయి. మూడు రాత్రులే ఉంటే దగ్గర్లోని తీరం చూసుకోండి.
- ఒక్కొక్కరికి రెండు జతల ఈతదుస్తులు. తేమగాలిలో తడిబట్ట రాత్రంతా ఆరేసినా పొద్దుటికి చెమ్మగానే ఉంటుంది.
- ఈతలో వేసుకునే పొడుగు చేతుల చొక్కా, వెడల్పు అంచు టోపీ, చలువ కళ్లద్దాలు.
- ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకు మించిన సన్‌స్క్రీన్. ఎంత కావాలో తొమ్మిదో మెట్టులో లెక్క ఉంది, ముందు అది చూసి కొనండి.
- నీళ్లలో వేసుకునే మెత్తటి బూట్లు.
- 20 నుంచి 30 శాతం డీట్ (దోమలను దూరంగా ఉంచే రసాయనం) ఉన్న దోమల నివారిణి.
- మందుల సంచి: ఓఆర్‌ఎస్ పొట్లాలు, పారాసెటమాల్, పడవ ప్రయాణంలో వాంతులు రాకుండా వేసుకునే మాత్రలు, చిన్న పట్టకారు, గాయాలకు పట్టీలు, మీరు రోజూ వేసుకునే మందులు. ఇవన్నీ చేతిసంచిలోనే ఉండాలి.
- ప్రయాణ బీమా. దీవి నుంచి ఆసుపత్రికి తరలించే ఖర్చు అందులో ఉందో లేదో చూడండి. స్కూబా డైవింగ్ (గాలి సిలిండరుతో నీళ్ల అడుగుకు వెళ్లడం) చేస్తే దానికి వర్తిస్తుందో లేదో విడిగా చూడండి.
- చదవడానికి ఏదైనా. ఫోనులో అయితే ముందే డౌన్‌లోడ్ చేసి ఉంచుకోండి.

1. ముందు నెల, తర్వాత చోటు

చాలామంది ఒక ఫొటో చూసి చోటు ఎంచుకుంటారు, ఆ తర్వాత సెలవు దొరికిన నెలలో వెళతారు. క్రమం తిరగేయండి. మీకు సెలవు దొరికే నెలలో ఏ తీరం ప్రశాంతంగా ఉంటుందో వెతకండి.

మాల్దీవులలో మే నుంచి అక్టోబర్ వరకు నైరుతి రుతుపవనాలు. జనవరి నుంచి ఏప్రిల్ వరకు వాన తక్కువ, సముద్రం నిమ్మళం. థాయిలాండ్‌కు రెండు తీరాలున్నాయి, రెండింటి రుతువులూ వేరు. పుకెట్, క్రాబీ వైపు మే నుంచి అక్టోబర్ దాకా అలలు పెద్దవి. అదే దేశంలోని కో సముయిలో భారీ వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు. కాబట్టి జులై, ఆగస్టుల్లో థాయిలాండ్ వెళ్లేవాళ్లు సముయి వైపు చూడాలి. బాలిలో ఏప్రిల్ నుంచి అక్టోబర్ వరకు పొడికాలం. కరీబియన్‌లో తుపానుల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు, అందులో ఆగస్టు నుంచి అక్టోబర్ వరకు ఉద్ధృతి ఎక్కువ. దక్షిణపు అంచున ఉన్న అరూబా, బోనైర్, కురసావ్ దీవులకు ఆ తుపానుల తాకిడి చాలా తక్కువ. మారిషస్, ఫిజీలకు తుపాను కాలం నవంబర్ నుంచి ఏప్రిల్ వరకు.

కరీబియన్ తీరాలకు మరో చిక్కుంది. 2011 నుంచి సర్గాసమ్ అనే గోధుమరంగు నాచు కొన్ని నెలలపాటు కుప్పలుగా ఒడ్డుకు కొట్టుకొస్తోంది. కుళ్లినప్పుడు దాని వాసన భరించలేం. మెక్సికోలోని కాన్‌కూన్ వైపు వెళ్లేవాళ్లు, ముఖ్యంగా వసంతం నుంచి వేసవి చివరి దాకా, నాచు పరిస్థితి ఎలా ఉందో కనుక్కున్నాకే గది తీసుకోవాలి.

వానకాలంలోనే సెలవు దొరికితే మానుకోనక్కర్లేదు. ఉష్ణమండలంలో ఎక్కువ రోజుల్లో వాన ఒక విడత దంచికొట్టి ఆగుతుంది. సముద్రం మాత్రం అల్లకల్లోలంగా, బురదగా ఉంటుంది. అందుకని ఈతకొలను, పైకప్పున్న పెద్ద వరండా ఉన్న చోటు తీసుకోండి. వరండాలో కూర్చుని వాన చూడటం మీ ఇద్దరికీ ఇష్టమైతే, జనం తక్కువగా ఉండే ఆ నెలలే మీకు మంచివి.

బాలి వెళ్లేవాళ్లు న్యేపీ తేదీ చూసుకోండి. సాధారణంగా మార్చిలో వచ్చే ఆ మౌనదినాన విమానాశ్రయం 24 గంటలు మూసేస్తారు, అతిథులు సైతం హోటల్ ఆవరణ దాటకూడదు, రాత్రి దీపాలు తగ్గిస్తారు. ఆ రోజు ప్రయాణం పెట్టుకుంటే ఇబ్బంది. అప్పటికే అక్కడ ఉన్న జంటకైతే అంతకన్నా మంచి రోజు దొరకదు.

2. తీరాన్ని ఉపగ్రహ పటంలో చూడండి

రిసార్టు వేసిన ఫొటోలు పోటు సమయంలో, మంచి ఎండలో, మంచి కోణంలో తీసినవి. వాటిని పక్కన పెట్టి, పటంలో ఉపగ్రహ దృశ్యం తెరవండి. లేత నీలం, లేత ఆకుపచ్చ ఉన్నచోట ఇసుక అడుగున్న లోతులేని నీళ్లు. ముదురు మచ్చలు పగడపు దిబ్బలు లేదా సముద్రపు గడ్డి. ఒడ్డుకు దూరంగా పొడవునా తెల్లటి గీత కనిపిస్తే అక్కడ అలలు దిబ్బకు తగిలి విరుగుతున్నాయని అర్థం. ఆ గీతకూ ఒడ్డుకూ మధ్య నీళ్లు ప్రశాంతంగా ఉంటాయి. తెల్లటి గీత ఒడ్డునే ఆనుకుని ఉంటే అది అలల తీరం. చూడటానికి గంభీరంగా ఉంటుంది, తేలియాడటానికి పనికిరాదు.

తర్వాత ఆటుపోట్లు. దీన్ని దాదాపు అందరూ మరిచిపోతారు. టాంజానియాలోని జాంజిబార్ తూర్పు తీరంలో, పాజే, జంబియాని వంటి చోట్ల, ఆటు సమయంలో సముద్రం వందల మీటర్లు వెనక్కి పోతుంది. మధ్యాహ్నం దాకా నడిచినా మోకాలి లోతు దొరకని రోజులుంటాయి. అదే దీవి ఉత్తరపు కొనలోని నుంగ్వీ, కెండ్వాలలో రోజంతా ఈత కొట్టవచ్చు. మాల్దీవులలో ఆటుకూ పోటుకూ తేడా మీటరుకు అటూ ఇటూ మాత్రమే. ఆటుపోట్ల పట్టికలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. పోటుకూ ఆటుకూ మధ్య సుమారు 6 గంటల 12 నిమిషాలు. పోటు సమయం రోజుకు దాదాపు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంది. మీరు దిగిన రోజు ఉదయం ఎనిమిదికి పోటు ఉంటే ఐదో రోజుకు అది పదకొండు దాటాకే వస్తుంది. పౌర్ణమి, అమావాస్యల చుట్టూ తేడా ఎక్కువ కాబట్టి, ఆటు బాగా లాగే తీరాలకు ఆ రోజులు తప్పించి వెళ్లండి.

3. గది: పేరు చూసి మోసపోకండి

‘సముద్రం ఎదురుగా’, ‘సముద్రం కనిపించేలా’, ‘తోట వైపు’ అనే మాటలకు ఒక్కో రిసార్టులో ఒక్కో అర్థం. రెండోది తీసుకుంటే ఒక్కోసారి కొబ్బరాకుల మధ్య నుంచి అరచేయంత నీలం కనిపిస్తుంది, అంతే.

నీళ్ల మీద కట్టిన విల్లాల గురించి చాలామంది అడుగుతారు. నా అభిప్రాయం స్పష్టం: బద్ధకంగా గడపదలచిన జంటకు ఒడ్డున చెట్ల కింద ఉన్న గదే మేలు. నీళ్ల మీది విల్లాలో పగలంతా నీడ కరువు, ఎండ నీళ్ల మీద పడి కళ్లలోకి కొడుతుంది, భోజనశాల దాకా కాలిబాట మీద ఎండలో నడవాలి. ఒడ్డు గదిలో తలుపు తీస్తే ఇసుక, నాలుగడుగులు వేస్తే నీళ్లు, వెనక్కి జరిగితే నీడ. నీళ్ల మీద నిద్రపోవాలనే కోరిక గట్టిగా ఉంటే చివరి ఒక్క రాత్రి అక్కడికి మారండి. సామాను రిసార్టు వాళ్లే చేరవేస్తారు.

రెండు రిసార్టుల్లో చెరి సగం ఉండాలనే ఆలోచన మాత్రం వద్దు. గది ఖాళీ చేయవలసింది సాధారణంగా పన్నెండులోపు, కొత్త గది ఇచ్చేది రెండు, మూడింటికి. మధ్యలో సర్దుకోవడం, పడవ, నిరీక్షణ. ఒక రోజంతా సంచుల కాపలాకే పోతుంది.

4. డబ్బు కట్టకముందు ఈ ప్రశ్నలు ఈమెయిల్‌లో అడగండి

ఆటు సమయంలో మా గది ముందు ఈత కొట్టవచ్చా? మేముండే రోజుల్లో కట్టడం పనులు, మరమ్మతులు ఏవైనా ఉన్నాయా? విమానాశ్రయం నుంచి దేని మీద వస్తాం, చివరి పడవ లేదా విమానం ఎన్నింటికి, దాని రుసుము గది ధరలో కలిసి ఉందా? పన్నులు, సేవా రుసుము కలిపి మొత్తం ఎంత? రాత్రి సంగీతం ఎక్కడ, ఎన్నింటి దాకా? తీరంలో లైఫ్‌గార్డ్, దీవిలో వైద్యుడు ఉంటారా?

ఫోనులో అడగవద్దు. రాతలో వచ్చిన జవాబే అక్కడ తేడా వచ్చినప్పుడు చూపించడానికి పనికొస్తుంది. జవాబు డొంకతిరుగుడుగా ఉంటే, ఉదాహరణకు మరమ్మతుల గురించి అడిగితే తోటల అందం గురించి రాస్తే, వేరే చోటు చూసుకోండి.

5. చేరే దారి

మాల్దీవుల సీప్లేన్లు (నీళ్ల మీద దిగే చిన్న విమానాలు) పగటి వెలుతురులోనే ఎగురుతాయి. మీ అంతర్జాతీయ విమానం మధ్యాహ్నం మూడున్నర దాటాక దిగితే ఆ రోజు సీప్లేన్ దొరకకపోవచ్చు, రాజధాని మాలె దగ్గరే రాత్రి గడపవలసి రావచ్చు. సాయంత్రం దిగేవాళ్లు స్పీడ్‌బోటులో చేరుకోగల రిసార్టు తీసుకోవాలి. చిన్న విమానాల్లో సామాను పరిమితి తక్కువ, సీప్లేన్లలో సాధారణంగా పెద్ద సంచి 20 కిలోలు, చేతిసంచి 5 కిలోలు. సంచులు ఇంట్లోనే తూచుకోండి.

పడవలో కడుపు తిప్పే స్వభావం ఉంటే మాత్ర ఎక్కే ముందే వేసుకోవాలి. వాంతి మొదలయ్యాక వేసుకుంటే ఫలితం ఉండదు. కూర్చునేది వెనకవైపు, ముందుభాగం ఎక్కువగా ఎగిరెగిరి పడుతుంది.

6. భోజనం ఏ పద్ధతిలో

ఒక దీవికి ఒకే రిసార్టు ఉన్నచోట బయట తినే అవకాశం ఉండదు. అలాంటిచోట మూడు పూటల భోజనం కలిసిన ధరే తీసుకోండి. ఊరికి నడకదూరంలో ఉన్న రిసార్టయితే పొద్దుటి ఫలహారం ఒక్కటి చాలు. సగం బోర్డు పద్ధతిలో, అంటే ఫలహారం, రాత్రి భోజనం మాత్రమే కలిసిన ధరలో, రాత్రి భోజనానికి తాగునీళ్లు సైతం విడిగా లెక్కగట్టే చోట్లున్నాయి, అది ముందే అడగండి.

అన్నీ కలిసిన ధర కట్టినవాళ్లకు ఒక హెచ్చరిక. ‘ఇంత కట్టాం కాబట్టి అన్నీ వాడుకోవాలి’ అనే ఆలోచన సెలవును మింగేస్తుంది. ఫలహారానికి తొమ్మిదిన్నరలోగా పరుగెత్తడం, ఆకలి లేకున్నా తినడం, ఉచితం కదా అని కయాక్ (చిన్న తెడ్డు పడవ) ఎక్కడం, ఇవన్నీ మళ్లీ పనులే. మీరు డబ్బు కట్టింది ఆలోచించకుండా ఉండటానికి. ఒక పూట తినకుండా నిద్రపోయినా ఆ డబ్బు వృథా కాలేదు.

7. ఇద్దరి మధ్య ఒప్పందం

అలసట ఎక్కువగా వచ్చేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

బద్ధకం అంటే ఇద్దరికీ ఒకటే అర్థం ఉండదు. ఒకరికి అది కదలకుండా పుస్తకం చదవడం, మరొకరికి గమ్యం లేకుండా ఒడ్డు వెంట నడవడం. ఒకరికి పదింటిదాకా నిద్ర, మరొకరికి సూర్యోదయం. ఇవి తెలియకుండా వెళ్లిన జంటలో ఒకరు రెండోవారి కోసం లేస్తారు, రెండోవారు మొదటివారి కోసం ఆగుతారు, ఇద్దరూ త్యాగం చేశామనుకుంటారు. ఇద్దరికీ విశ్రాంతి దొరకదు.

బయలుదేరడానికి వారం ముందు ఒక సాయంత్రం చెరొక కాగితం తీసుకోండి. ఒకరిదొకరు చూడకుండా మూడు విషయాలు రాయండి: ఈ సెలవులో తప్పక చేయాలనుకునేవి, గరిష్ఠంగా రెండు; అసలు చేయకూడదనుకునేవి, ఎన్నయినా; రోజులో ఒంటరిగా ఉండాలనిపించే సమయం. తర్వాత కాగితాలు మార్చుకుని చదవండి. ఇద్దరి కాగితాల్లో ఉన్న కోరికను కలిసి చేయండి. ఒకరి కాగితంలోనే ఉన్నది వాళ్లు ఒంటరిగా చేస్తారు, రెండోవారు మొహం చిన్నబుచ్చుకోకుండా పంపాలి. ‘చేయకూడదు’ అని రాసినవాటికి బేరాలు లేవు.

అక్కడ రోజుకు ఒక్క నిర్ణయమే తీసుకోండి, దాన్ని రోజు మార్చి రోజు ఒకరు తీసుకోవాలి. సాయంత్రం ఎక్కడ తినాలన్నదే ఆ నిర్ణయం కావచ్చు. ‘నీ ఇష్టం’, ‘కాదు, నీ ఇష్టం’ అంటూ ఒడ్డున పావుగంట నిలబడే పరిస్థితి దీంతో తప్పుతుంది. కలిసి ఉండే సమయం ఒకటి ఖాయం చేసుకోండి. ఉష్ణమండలంలో సూర్యుడు ఏడాదంతా ఆరింటికి అటూ ఇటూ అస్తమిస్తాడు, వెలుతురు త్వరగా పోతుంది. అందువల్ల ఐదున్నరకు ఒడ్డున కలవడం అన్నిటికన్నా సులువైన నియమం.

ఆఫీసు ఫోను పూర్తిగా మానగలిగితే మానండి. మానలేని ఉద్యోగమైతే రోజుకు ఒకసారి, ఒకే సమయంలో, పావుగంట చూడండి. అప్పుడప్పుడూ తొంగిచూడటం కన్నా అదే నయం. ఫొటోల సంగతీ అంతే. ఒక సాయంత్రం తీరిగ్గా తీసుకోండి, మిగతా రోజులు ఫోను గదిలో పెట్టండి.

8. దిగిన రోజు

ఏదీ బుక్ చేయకండి. సంచులు పూర్తిగా విప్పి బట్టలు అలమరలో పెట్టండి. పావుగంట పని, తర్వాత ఐదు రోజులు వెతుకులాట ఉండదు. తీరం ఒకసారి నడిచి చూడండి: నీడ ఏ గంటకు ఎటు పడుతుందో, రాళ్లెక్కడున్నాయో, పడవలు ఎటు తిరుగుతున్నాయో. ఊయల కొబ్బరిచెట్టుకు కట్టి ఉంటే పడుకోబోయే ముందు తలెత్తి చూడండి. కాయలు ఉంటే వేరే చెట్టు చూసుకోండి లేదా కాయలు దింపమని చెప్పండి.

ఏసీ గదిలోంచి కెమెరా బయటికి తేగానే అద్దం మీద మంచు పట్టినట్టవుతుంది. తుడవకండి, ఇరవై నిమిషాలు ఆగితే దానంతటదే పోతుంది.

9. ఎండ

సెలవు పాడుచేసేవాటిలో మొదటిది ఇదే, అదీ మొదటి రోజునే. ఒళ్లు కందిపోయాక మిగిలిన రాత్రులు పక్కమీద దుప్పటి తగిలినా మంటే.

సన్‌స్క్రీన్ ఎంత రాయాలి? ఒక మనిషి ఒళ్లంతటికీ ఒకసారికి సుమారు 30 మిల్లీలీటర్లు. ఇద్దరికి రోజుకు రెండుసార్లంటే 120, ఐదు రోజులకు 600. జంటలు తీసుకెళ్లేది తరచూ ఒకే 100 మిల్లీలీటర్ల సీసా. పొడుగు చేతుల ఈత చొక్కా వేసుకుంటే అవసరం దాదాపు సగానికి తగ్గుతుంది, అందుకే దాన్ని జాబితాలో పెట్టాను. ముఖానికి, మెడకు కలిపి రెండు వేళ్ల పొడవునా పిండినంత. బయటికి వెళ్లడానికి 15 నిమిషాల ముందు రాసి, రెండు గంటలకోసారి, ఈత నుంచి వచ్చి తుడుచుకున్న ప్రతిసారీ మళ్లీ రాయాలి. ఎస్‌పీఎఫ్ 30 యూవీ-బీ కిరణాల్లో దాదాపు 97 శాతాన్ని, 50 దాదాపు 98 శాతాన్ని ఆపుతాయి. అంకె పెంచడం కన్నా సరిపడా రాయడమే ముఖ్యం. వీపు ఒకరికొకరు రాయండి. మరిచిపోయే చోట్లు చెవుల అంచులు, పాదాల పైభాగం, మోకాలి వెనక భాగం, జుట్టు పాపట.

పసిఫిక్ సముద్రంలోని దీవుల దేశం పలావు 2020 నుంచి, అమెరికా రాష్ట్రం హవాయి 2021 నుంచి పగడాలకు హాని చేస్తాయని ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్ ఉన్న సన్‌స్క్రీన్‌ల అమ్మకాన్ని నిషేధించాయి. జింక్ ఆక్సైడ్ రకం తీసుకుంటే ఏ తీరానికైనా పనికొస్తుంది.

గొడుగు కింద ఉన్నాం కదా అనుకోవద్దు. ఇసుక సుమారు 15 శాతం, సముద్రపు నురగ సుమారు 25 శాతం యూవీ కిరణాలను తిప్పికొడతాయి. పలచటి మబ్బు వాటిని పెద్దగా ఆపదు. అర మీటరు లోతు నీళ్లలో సైతం పైనున్నదానిలో దాదాపు 40 శాతం ఉంటుంది. నీళ్ల మీద బోర్లా తేలుతూ చేపలు చూసేవాళ్ల వీపులు కాలేది అందుకే.

సరిచూసుకునే పద్ధతి: నిలబడి మీ నీడ చూడండి. అది మీకన్నా పొట్టిగా ఉంటే ఎండ తీవ్రం, నీడలోకి వెళ్లండి. మీకన్నా పొడుగైతే ఒడ్డున ఉండవచ్చు. ఆచరణలో దీని అర్థం ఉదయం తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగు దాటాక సముద్రం; మధ్యలో వరండా, భోజనం, నిద్ర.

ఇంకొక సంగతి, ఎక్కువమందికి తెలియదు. ఎండలో కూర్చుని పానీయంలోకి నిమ్మకాయ పిండకండి. నిమ్మరసం అంటిన చర్మం మీద ఎండ పడితే ఒకటి రెండు రోజుల్లో ఎర్రబడి బొబ్బలు లేస్తాయి, మచ్చ వారాల తరబడి ఉంటుంది. పిండితే వెంటనే సబ్బుతో చేతులు కడుక్కోండి, పక్కవాళ్ల మీద చిందిన చుక్కలు కూడా. డాక్సీసైక్లిన్ వంటి కొన్ని మందులు వాడేటప్పుడు చర్మం మరింత త్వరగా కందుతుంది; మీ మందుల గురించి వైద్యుణ్ని ముందే అడగండి.

10. నీళ్లు

జెండాలు చూశాకే దిగండి. ఎరుపు అంటే ప్రమాదం, రెండు ఎరుపులంటే నీళ్లలోకి ప్రవేశం లేదు, పసుపు అంటే జాగ్రత్త, పైన ఎరుపు కింద పసుపు ఉన్న జెండాల మధ్య లైఫ్‌గార్డ్ కాపలా ఉంటుంది, ఊదా రంగు అంటే జెల్లీఫిష్ వంటివి ఉన్నాయని. కొన్ని దేశాల్లో రంగులకు చిన్న తేడాలుంటాయి, ఒడ్డున బోర్డు చదవండి.

అలల మధ్య ఒకచోట అల విరగకుండా, నీళ్లు ముదురుగా, నిమ్మళంగా కనిపిస్తే అక్కడే దిగాలనిపిస్తుంది. దిగకండి. చాలాసార్లు అది రిప్ కరెంట్, ఒడ్డుకు చేరిన నీళ్లు సముద్రంలోకి తిరిగి పోయే దారి. అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఈదవద్దు, బలం అయిపోతుంది. అది మనిషిని కిందికి లాగదు, దూరంగా తీసుకెళుతుందంతే. తేలుతూ చెయ్యెత్తి పిలవండి. ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా ఈది ప్రవాహం దాటాక తిరిగి రండి. ఒడ్డున ఉన్నవాళ్లు కాపాడదామని వట్టి చేతులతో దూకకూడదు. తేలే వస్తువు విసిరి లైఫ్‌గార్డ్‌ను పిలవాలి.

లోతులేని ఇసుకలో పాదాలు ఎత్తకుండా ఈడ్చుకుంటూ నడవండి, టేకు చేపలు ఉంటే అలికిడికి తప్పుకుంటాయి. రాళ్ల మధ్య నల్లటి ముళ్లతో ఉండే సీ అర్చిన్ల కోసమే బూట్లు. టేకు చేప, స్టోన్‌ఫిష్ (రాయిలా కనిపించే విషపు చేప) ముల్లు గుచ్చుకుంటే భరించగలిగినంత వేడి నీళ్లలో, 45 డిగ్రీలు మించకుండా, పాదం ముంచి వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. పెట్టె ఆకారపు జెల్లీఫిష్ కుడితే వెనిగర్ ధారాళంగా పోయాలి. రుద్దకూడదు, ఇసుకతో తోమకూడదు. ఉత్తర ఆస్ట్రేలియాలో నవంబర్ నుంచి మే వరకు వాటి కాలం. అప్పుడు వలకట్టిన చోటే, ఒళ్లు కప్పే దుస్తుల్లోనే దిగాలి.

మద్యం తాగాక ఈత లేదు. ఇందులో మినహాయింపు లేదు, కొలనులో కూడా.

11. కడుపు, దోమలు

మొదటి రెండు రోజులు వేడివేడిగా వడ్డించినవి తినండి. గంటలకొద్దీ బయట పెట్టిన వంటకాలు, ఎక్కడి నీళ్లతో కడిగారో తెలియని పచ్చి ఆకులు వదిలేయండి. విరేచనాలు మొదలైతే ఓఆర్‌ఎస్ తాగాలి. పొట్లం లేకపోతే లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు చదును టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు. కొలత తప్పకూడదు, ఉప్పు ఎక్కువైతే హాని. జ్వరం, రక్తం కనిపిస్తే ఆలస్యం చేయకుండా వైద్యుడు.

డెంగీ దోమ పగలు కుడుతుంది, ముఖ్యంగా పొద్దున, సూర్యాస్తమయానికి ముందు. అంటే సరిగ్గా మీరు ఒడ్డున ఉండే వేళల్లో. ముందు సన్‌స్క్రీన్, అది ఇంకాక దాని మీద దోమల మందు. ఈ క్రమం తిరగేయకండి.

12. మూడో రోజు పరీక్ష

మూడో రోజు మధ్యాహ్నం, గడియారం చూడకుండా, ఇప్పుడెంతయిందో ఇద్దరూ చెరొక అంచనా చెప్పండి. ఇద్దరూ గంటకు పైగా తప్పితే అంతా సవ్యంగా ఉంది, ఏమీ మార్చకండి. ఇద్దరిలో ఒకరు నిమిషాలతో సహా సరిగ్గా చెబితే, వాళ్లు ఇంకా ఏదో కార్యక్రమాన్ని మనసులో మోస్తున్నారు. అది ఏమిటో అడిగి రద్దు చేయండి, లేదా రెండోవారు తీసుకోండి. ఆ ఒక్కరే బుకింగులు, ఫోన్లు, టికెట్లు అన్నీ చూసుకుంటూ వచ్చి ఉంటారు.

నిద్ర ఇంకో గుర్తు. మొదటి రెండు రోజులు విపరీతంగా నిద్ర వస్తే గాభరా వద్దు, కూడబెట్టిన అలసట దిగుతోంది. మూడో రోజుకూ విసుగు, చిరాకు తగ్గకపోతే ముందు నీళ్లు సరిగా తాగుతున్నారో చూడండి. మూత్రం ముదురు పసుపుగా ఉంటే చాలడం లేదు. అదీ కాకపోతే అర రోజు విడివిడిగా గడపండి. కలిసి వచ్చామని ప్రతి గంటా కలిసే ఉండనక్కర్లేదు.

నిజంగా విసుగు పుడితే, ఒకరి కాగితంలో రాసిన రెండు కోరికల్లో ఒకటి ఇప్పుడు తీయండి. అందుకే ఆ కోరికలను మొదటి రోజే వాడేయకండి.

13. బయలుదేరే రోజు

స్కూబా డైవింగ్ చేసి ఉంటే ఒక్క డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, ఒకటికి మించి చేస్తే కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. సీప్లేన్ కూడా విమానమే. ముక్కు గొట్టంతో పైపైన తేలే స్నోర్కెలింగ్‌కు ఈ నియమం లేదు.

విమానం రాత్రి ఉంటే గదిని సాయంత్రం దాకా ఉంచుకోవచ్చా అని ముందురోజు ఉదయమే అడగండి, ఆఖరి గంటలో అడిగితే గది వేరేవాళ్లకు ఇచ్చేసి ఉంటారు. దొరకకపోతే స్నానానికి, బట్టలు మార్చుకోవడానికి చాలా చోట్ల ఉమ్మడి గది ఉంటుంది. ఈతదుస్తులు ముందురోజు సాయంత్రం తర్వాత తడపకండి. గవ్వలు, పగడపు ముక్కలు ఏరుకు రావద్దు, చాలా దేశాల్లో వాటిని బయటికి తీసుకెళ్లడం నేరం.

ఇంటికి చేరాక ఉద్యోగానికి ముందు ఒక రోజు ఖాళీ ఉంచుకోండి. తిరిగొచ్చిన రెండు వారాల్లోపు జ్వరం వస్తే ఎక్కడికి వెళ్లొచ్చారో వైద్యుడికి మొదటి మాటగా చెప్పండి. డెంగీ కాదని తేలేవరకు పారాసెటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వేసుకోవద్దు.